నాలుగు నెలల గడ్డకు క్యాంపులో థర్మల్ స్కాన్ సరిపోతుందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 43 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, చిన్నోడికి 14. వచ్చే ఆదివారం మా మండలంలో ఫంక్షన్ హాల్లో క్యాంపు పెడుతున్నారు. రొమ్ము క్యాన్సర్‌ను ముందే పట్టే కొత్త పరీక్షట. ఒంటి మీద చెయ్యి వేయరు, సూది లేదు, రేడియేషన్ లేదు, కెమెరాతో ఒంటి వేడిని ఫోటో తీస్తే కంప్యూటర్ చెప్పేస్తుందట. రూ.1,200 కట్టాలి. మా పిన్ని ఇదే జబ్బుతో 47 ఏళ్లకే పోయింది, అందుకే నాకు టెన్షన్. మామోగ్రామ్‌లో నలిపేస్తారని, ఆ ఎక్స్‌రేతోనే క్యాన్సర్ వస్తుందని పక్కింటి వదిన అంటోంది. ఈ కొత్త పరీక్ష మంచిదేనా? ఇందులో నార్మల్ వస్తే ఇక భయం లేనట్టేనా? మా బిడ్డకు 19, దానికి కూడా చేయించనా? ఇంకోటి, నాలుగు నెలల నుంచి ఎడమ రొమ్ములో చంక వైపు శనగ గింజంత గడ్డలాంటిది చేతికి తగులుతోంది, నొప్పేమీ లేదు. మా అత్తమ్మ పాలగడ్డ అని పసరు కడుతోంది. పత్తి ఏరడం అయ్యాక చూపించుకుందాంలే అనుకుంటున్నా.

సమాధానం: చెల్లె, నువ్వు "ఇంకోటి" అని చివర్లో రాసిన ఆ రెండు ముక్కలే అసలు ఉత్తరం. మిగతాదంతా దానికి ముందుమాట. నేను సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైర్ అయినదాన్ని, అందులో చాలా ఏళ్లు సర్జరీ ఓపీలోనే గడిచాయి. మన ఆడవాళ్లు అసలు మాట ఎప్పుడు చెప్తారో నాకు తెలుసు. బీపీ చూపించుకుంటారు, మోకాళ్ల నొప్పులు చెప్తారు, మాత్రల చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్తారు, అక్కడ ఆగి కొంగు సర్దుకుంటూ వెనక్కి తిరిగి "సిస్టర్, ఇంకోటి" అంటారు. ఆ ఇంకోటి కోసమే వాళ్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఉంటారు.

కాబట్టి ముందు దాని సంగతే. ఆదివారం క్యాంపుకు వెళ్లకు. ఆ పరీక్ష మోసమని కాదు, దాని గురించి కింద చెప్తాను. అది నీకోసం కాదు, అంతే. స్క్రీనింగ్ అంటే జల్లెడ. బియ్యంలో రాళ్లున్నాయో లేవో తెలియనప్పుడు జల్లెడ పడతాం. పంటి కింద రాయి పడ్డాక మళ్లీ జల్లెడ తెచ్చుకుని కూర్చోం కదా, నోట్లోంచి తీసి అదేంటో చూస్తాం. ఏ ఇబ్బందీ లేని, చేతికి ఏమీ తగలని ఆడవాళ్ల కోసం పెట్టినవి ఈ స్క్రీనింగ్ పరీక్షలన్నీ, పాతవైనా కొత్తవైనా. నీకు గడ్డ చేతికి తగిలింది, అదీ నాలుగు నెలలైంది. నీకు కావాల్సింది అదేమిటో తేల్చే పరీక్ష.

ఇంకోలా కూడా ఆలోచించు. క్యాంపులో "నార్మల్" అన్నారనుకో, చేతికి గడ్డ తగులుతూనే ఉంటుంది కాబట్టి నువ్వు ఆస్పత్రికి వెళ్లాల్సిందే. "అనుమానం ఉంది" అన్నారనుకో, అప్పుడూ మామోగ్రామ్ చేయించుకొమ్మని రాసి ఆస్పత్రికే పంపుతారు. ఏ జవాబొచ్చినా నువ్వు నడవాల్సిన దారి మారనప్పుడు ఆ 1,200 దేనికి? నా భయమంతా మొదటి జవాబు గురించే. రంగురంగుల బొమ్మ మీద నార్మల్ అని కాగితం చేతికొస్తే, మీ అత్తమ్మ "నేను ముందే చెప్పలేదా పాలగడ్డ అని" అంటుంది, నువ్వు సంక్రాంతి దాకా పత్తి ఏరుతావు, ఆ తర్వాత పిల్లల పరీక్షలు, ఆ తర్వాత ఎవరిదో పెళ్లి.

పాలగడ్డ మాట తేల్చేద్దాం. చిన్నోడికి 14 ఏళ్లు అన్నావు. పాలు మానేసి పదేళ్లు దాటిన రొమ్ములో ఇప్పుడు కొత్తగా పాలగడ్డ ఎక్కడి నుంచి వస్తుంది? నొప్పి లేదు కాబట్టి ఏం కాదు అన్న ధైర్యం కూడా వద్దు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు, మనవాళ్లు నెలల తరబడి ఊరుకోవడానికి అదే పెద్ద కారణం. అలాగని నిన్ను బెదిరించడం నా ఉద్దేశం కాదు, ఇది నిజంగా చెప్తున్నాను, చేతికి తగిలే రొమ్ము గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. నీటి తిత్తులుంటాయి, ఫైబ్రో అడినోమా అని అటూ ఇటూ జారే మామూలు గడ్డలుంటాయి, నెలసరికి ముందు గట్టిపడి తర్వాత మెత్తబడేవి ఉంటాయి. నీది వీటిలో ఏదైనా కావచ్చు. కానీ అది చెప్పాల్సింది నేను కాదు, మీ అత్తమ్మ కాదు, కెమెరా కూడా కాదు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, మనవాళ్లు రొమ్ము అనగానే లేడీ డాక్టర్ అని కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెడతారు. ఆమె చూస్తుంది, తప్పు లేదు, కానీ గడ్డ పని సర్జన్‌ది. నల్గొండ ప్రభుత్వ ఆస్పత్రికి ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది, అక్కడ సర్జరీ ఓపీ అని అడిగి చీటీ రాయించుకో. డాక్టర్ మగాయన అయితే సిగ్గుపడకు, పక్కన నర్సమ్మ ఉండాలని అడిగే హక్కు నీకుంది, అడుగు. 2023 మార్చి 8న ఆడవాళ్ల కోసం మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్ మీ దగ్గరి పీహెచ్‌సీలో మంగళవారాలు నడుస్తుంటే, ముందు అక్కడ చూపించుకుని రెఫరల్ రాయించుకున్నా పని సులువవుతుంది. లేదంటే నేరుగా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి. క్యాన్సర్ కోసమే ఉన్న సర్కారు ఆస్పత్రి అది, 1955 నుంచి ఉంది. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే బండి మారకుండా లక్డీకాపూల్, అక్కడి నుంచి దగ్గరే. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ ఏదైనా ఆధార్ చూపించి ఎక్కు. రేషన్ కార్డు కూడా పెట్టుకో. ఒకవేళ వైద్యం అవసరమైతే ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి కుటుంబానికి రూ.10 లక్షల దాకా ఉంది, 2023 డిసెంబర్‌లో పెంచారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు, ముందు వాళ్లను పట్టుకో.

అక్కడ మూడు పనులు జరుగుతాయి. డాక్టర్ చేత్తో చూస్తారు, నీ వయసుకు మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ రాస్తారు, అవసరమనుకుంటే గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఈ మూడూ ఒకే మాట చెప్తేనే తేలినట్టు లెక్క. మామోగ్రామ్ ఒక్కటి బాగుంటే సరిపోదు, ఎందుకంటే చేతికి తగిలే క్యాన్సర్లలో కూడా పదింటికి ఒకటో రెండో మామోగ్రామ్‌లో కనిపించవు. గడ్డ ఉండి మామోగ్రామ్ నార్మల్ వస్తే "మరి ఈ గడ్డ ఏంటి సార్" అని అడగకుండా లేవకు.

సూది అనగానే మన దగ్గర ఒక మాట ఉంది, "సూది పెడితే లేస్తది, కత్తి పెడితే పాకుతది" అని. ఈ మాట వల్ల ఆగిపోయిన వాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. సూది పరీక్ష వల్ల క్యాన్సర్ పాకడం జరగదమ్మా. అప్పటికే ముదిరిన గడ్డకు ఆఖరి నిమిషంలో సూది పెట్టించి, ఆ తర్వాత మనిషి పోతే, నింద సూది మీద పడింది, అంతే జరిగింది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికొస్తావు.

దానికంటే నువ్వు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. మా దూరపు బంధువు ఒకామె, ఆమెది మహబూబ్‌నగర్ వైపు, ఇలాగే గడ్డ ఉంటే ఒక చిన్న నర్సింగ్ హోంకి వెళ్లింది. "చిన్న గడ్డే, తీసేస్తే పోతుంది" అని పొద్దున కోసి సాయంత్రం ఇంటికి పంపారు. సూది పరీక్ష లేదు, తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపిందీ లేదు, బకెట్లో పారేశారు. ఎనిమిది నెలల తర్వాత అదే చోట మళ్లీ లేచింది. అప్పుడు హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి డాక్టర్ మొదటి ప్రశ్నే "తీసిన గడ్డ రిపోర్ట్ ఏది?" ఆమె దగ్గర కుట్ల మచ్చ తప్ప ఏమీ లేదు. అందుకే చెప్తున్నాను, అదేమిటో సూదితో తేల్చకుండా ఎవరినీ గడ్డ కోయనివ్వకు, ఏ కారణంతో కోసినా ముక్క ల్యాబ్‌కు వెళ్లిందా అని అడిగి రిపోర్ట్ చేతికి తెచ్చుకో.

ఇక నువ్వడిగిన కొత్త పరీక్ష. దీన్ని థర్మోగ్రఫీ అంటారు, ఆలోచన మంచిదే. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే రక్తం ఎక్కువ కావాలి, కొత్త రక్తనాళాలు లాక్కుంటుంది, అక్కడ వేడి కాస్త పెరుగుతుంది, ఆ తేడాను ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పట్టుకుంటుంది. ఇదివరకు ఆ బొమ్మను మనిషి చూసి చెప్పేవాడు, ఇప్పుడు కృత్రిమ మేధ చూస్తోంది. మన దేశంలోనే బెంగళూరులో 2016లో మొదలైన నిరామై అనే కంపెనీ ఈ పని చేస్తోంది, వాళ్ల మీద పరిశోధన పత్రాలూ వచ్చాయి. ఊళ్లలో మామోగ్రామ్ యంత్రం లేని చోట ఇలాంటివి ఎప్పటికైనా పనికొస్తాయేమోనని నాకూ ఆశ ఉంది. కానీ ఈ కెమెరా సంగతి కొత్తదేం కాదు, అమెరికాలో 1982లోనే మామోగ్రామ్‌కు తోడుగా వాడుకోవడానికి మాత్రమే అనుమతిచ్చారు. దీన్ని మామోగ్రామ్‌కు బదులుగా వాడొద్దని, ఇది ఒక్కటే చేయించుకుని క్యాన్సర్ లేదనుకోవద్దని మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే అక్కడి సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ 2019లో జనానికి గట్టిగానే చెప్పింది.

పైగా వేడిని కొలిచే పరీక్ష ఎక్కడ చేస్తున్నారన్నది పెద్ద విషయం. గది చల్లగా, ఒకే తీరుగా ఉండాలి, మనిషి పై బట్టలు తీసి కొన్ని నిమిషాలు కుదురుగా కూర్చుని ఒళ్లు ఆ చల్లదనానికి అలవాటు పడాలి, అప్పుడు తీయాలి ఫోటో. ఎండలో ఆటో దిగి చెమటలతో వచ్చిన యాభై మందిని ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురు గదిలో వరసగా నిలబెట్టి తీస్తే ఆ కెమెరా దేన్ని చూస్తుందో నాకైతే అనుమానమే. మీ క్యాంపు వాళ్లు ఏసీ గది పెట్టి పద్ధతిగానే చేస్తుండవచ్చు, నేను చూడలేదు కాబట్టి అనను.

లెక్క కూడా ఒకటి వేసి చూపిస్తాను, ఏ క్యాంపు పాంప్లెట్‌లోనూ ఇది ఉండదు. ఒక పరీక్ష నూటికి 90 సార్లు సరిగ్గా చెప్తుంది అనుకుందాం, వినడానికి గొప్పగా ఉంది. వెయ్యి మంది ఆరోగ్యంగా కనిపించే ఆడవాళ్లు వచ్చారు, వాళ్లలో ముగ్గురికి క్యాన్సర్ ఉందనుకో. ఆ ముగ్గురినీ పట్టుకుంటుందనే అనుకుందాం. కానీ మిగతా 997 మందిలో పదో వంతు, అంటే దాదాపు వంద మందికి, ఏమీ లేకపోయినా "అనుమానం" అని వస్తుంది. ఆ వంద మందీ రాత్రుళ్లు నిద్ర లేకుండా, అప్పు చేసి హైదరాబాద్ తిరుగుతారు. ఈ చిక్కు మామోగ్రామ్‌కూ ఉంది, కాదనను. కానీ మామోగ్రామ్‌కు 1960ల నుంచి పెద్ద పెద్ద అధ్యయనాలున్నాయి, లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి చావులు తగ్గాయా లేదా అని చూసినవి. ముందుగా కనిపెట్టడం వేరు, దానివల్ల మనిషి బతకడం వేరు, రెండోది రుజువు కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ల్యాబుల వాళ్లు హెల్త్ ప్యాకేజీల్లో క్యాన్సర్ మార్కర్ అని సీఏ 15-3 రక్తపరీక్ష కలిపి అమ్ముతారు, అది వైద్యం జరుగుతున్న వాళ్లను గమనించడానికి వాడేది, తొలి దశలో చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది. దానికీ డబ్బు పెట్టకు.

నాకు ఈ కొత్త యంత్రాలన్నింటికంటే నచ్చిన పరీక్ష ఒకటుంది, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద ఇరవై ఏళ్లు చేసిన అధ్యయనం అది, 2021లో బయటికొచ్చింది. డాక్టర్లు కూడా కాదు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. గడ్డలు చిన్నగా ఉండగానే దొరికాయి, 50 దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్లలో అంత తేడా కనిపించలేదు, అది కూడా చెప్పాలి. మన ప్రభుత్వం 2016 నుంచి 30 ఏళ్లు దాటిన ప్రతి ఆడమనిషికీ ఐదేళ్లకోసారి ఈ చేతి పరీక్ష చేయాలని పెట్టుకుంది. మీ ఏఎన్‌ఎం ఎప్పుడైనా చేసిందా? చేయకపోతే అడుగు. చుట్టుపక్కల వాళ్లకూ చెప్పు, ఏ గడ్డా లేని మీ పక్కింటి వదినకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ఆ వదిన చెప్పిన మాటల్లో సగం నిజం. నలపడం నిజమే, రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారు, ఒక్కో ఫోటోకు కొన్ని సెకన్లు, మొత్తం నాలుగు ఫోటోలు. నొప్పి ఉంటుంది, ఉండదని అబద్ధం చెప్పను, కానీ ఇద్దరు పిల్లల్ని కన్న దానివి నీకు అదో లెక్క కాదు. నెలసరి అయిన వారానికి వెళ్తే రొమ్ములు మెత్తగా ఉండి నొప్పి తగ్గుతుంది. అలాగని నెలసరి కోసం ఆగి ఓపీకి వెళ్లడం వాయిదా వేసుకోకు, డాక్టర్‌కు చూపించడం ఏ రోజైనా ఒకటే. ఆ పొద్దున చంకలో పౌడర్, సెంటు వేసుకోవద్దు, అవి ఫోటోలో తెల్ల చుక్కల్లా పడి కంగారు పెడతాయి. ఇక ఎక్స్‌రేతో క్యాన్సర్ అంటావా, ఒక మామోగ్రామ్‌లో తగిలే రేడియేషన్, మనకు నేల నుంచీ గాలి నుంచీ ఓ రెండు నెలల్లో ఎలాగూ తగిలేదానితో సమానం.

బిడ్డ సంగతి. 19 ఏళ్ల పిల్లకు ఏ స్కానూ వద్దు. ఆ వయసులో రొమ్ము గట్టిగా ఉంటుంది, మామోగ్రామ్‌లో ఏమీ సరిగా కనిపించదు, కెమెరా బొమ్మతో పిల్లకు లేనిపోని భయం. తన ఒంట్లో ఏదైనా మార్పు వస్తే నీకు చెప్పే చనువు ఉంటే చాలు ఇప్పటికి. కానీ పిన్ని విషయం మాత్రం డాక్టర్‌కు తప్పకుండా చెప్పు, 47 ఏళ్లకు అన్నది కూడా చెప్పు. వెళ్లే ముందు మీ అమ్మను కూర్చోబెట్టి అడుగు, ఆమె వైపూ, మీ నాన్న వైపూ ఇంకెవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా అని. నాన్న వైపు ఎందుకంటావేమో, కొన్ని కుటుంబాల్లో ఈ క్యాన్సర్లకు కారణమయ్యే జన్యువు తండ్రి నుంచి కూడా వస్తుంది, మనవాళ్లు ఎప్పుడూ ఆ వైపు అడగరు. "కడుపులో గడ్డ లేచి పోయింది" అని పాతవాళ్లు చెప్పేది ఒక్కోసారి అండాశయ క్యాన్సరే అయి ఉంటుంది. ఒక్క పిన్ని అయితే పెద్ద అనుమానం కాదు, ఇద్దరు ముగ్గురు తేలితే జన్యు పరీక్ష గురించి డాక్టరే మాట్లాడతారు.

పత్తి గురించి నాకు తెలియక కాదు. కూలి దొరకదు, వాన పడితే పత్తి నల్లబడుతుంది, తేమ ఎక్కువుందని ధర కోస్తారు. అయినా చెల్లె, నీకు కావాల్సింది ఒకటి రెండు రోజులే, మొత్తం సీజన్ కాదు. మీ ఆయనకు చెప్పావో లేదో ఉత్తరంలో రాయలేదు. చెప్పు, "క్యాంపుకు 1,200 ఇవ్వు" అని కాకుండా "నాకు గడ్డ ఉంది, సోమవారం నల్గొండ పోదాం" అని చెప్పు. ఆయన రాలేకపోతే మీ ఆశా కార్యకర్తను తోడు తీసుకెళ్లు. ఈలోపు గడ్డ మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన లోపలికి లాగినా, దాన్నుంచి రక్తం లాంటిది వచ్చినా, చంకలో ఇంకో గడ్డ తగిలినా సోమవారం దాకా కూడా చూడకు.

ఆ పసరు మాత్రం ఈ రాత్రే గోరువెచ్చని నీళ్లతో కడిగెయ్. పసరుకు చర్మం కాలి ఎర్రబడితే, ఆ ఎరుపు గడ్డ వల్ల వచ్చిందా మందు వల్ల వచ్చిందా అని డాక్టర్ అక్కడే తికమక పడతారు. అత్తమ్మ అడిగితే, డాక్టర్ చూసేదాకా కట్టొద్దన్నారు అని నా పేరు చెప్పు.